ముసలి కుక్కకు కీళ్ళ నొప్పి - మాత్ర వేసే ముందు



మీ ఇంట్లో పది, పన్నెండేళ్ళ కుక్క ఉందా? ఉంటే రేపు పొద్దున ఒక పని చేయండి. అది పడుకున్న చోటి నుంచి లేచేటప్పుడు కాస్త దూరంగా నిలబడి చూడండి. పిలవకండి. అన్నం గిన్నె చప్పుడు చేయకండి. ముందుకాళ్ళ మీద లేచి వెనుక భాగాన్ని ఈడ్చుకున్నట్టుగా లేపుతున్నదా? లేచాక పదడుగులు బిగుసుకుపోయినట్టు నడిచి, ఆ తర్వాత మామూలు నడకలో పడుతున్నదా? అయితే దాని కీళ్ళలో నొప్పి ఉందేమోనని అనుమానించాలి.

"వయసయిపోయింది సార్, ఇంకేముంటుంది" అని చాలామంది అంటారు. పశువైద్యుడిగా పని చేసినన్నాళ్ళూ నేను ఎక్కువగా విన్న మాట అదే. హోసూరు వైపు వాళ్ళూ అదే అంటారు, బళ్ళారి వాళ్ళూ అదే అంటారు. వయసు జబ్బు కాదు. వయసుతో పాటు కీళ్ళు అరిగి వాచి నొప్పి పెట్టడం జబ్బు. దానికి వైద్యం ఉంది. అరిగిన కీలు మళ్ళీ కొత్తది కాదు గాని, నొప్పిని మాత్రం చాలావరకు తగ్గించవచ్చు. కుక్క మిగిలిన రెండేళ్ళో మూడేళ్ళో లేచి తిరిగేటట్టు చేయవచ్చు. కాని ఆ వైద్యం మన ఇంటి మందుల డబ్బాలో లేదు. నొప్పి సంగతి తెలియక పట్టించుకోని వాళ్ళు ఒక రకం. తెలిసి, జాలిపడి, తాము వేసుకునే మాత్రే కుక్కకూ వేసేవాళ్ళు ఇంకొక రకం. ఈ రెండో రకం వాళ్ళ ఇంట్లో కుక్కకు ప్రాణాపాయం ఎక్కువ. అందుకని ఈనాటి ప్రసంగంలో మందుల గురించే ఎక్కువ మనవి చేస్తాను.

ముందు నొప్పిని గుర్తుపట్టే సంగతి. దెబ్బ తగిలితే కుక్క కుయ్యిమంటుంది. కాని నెలల తరబడి నిదానంగా పెరిగిన నొప్పికి అరవదు. తన అలవాట్లు మార్చుకుంటుంది, అంతే. ఇదివరకు ఒక్క ఉరుకులో అరుగెక్కేది ఇప్పుడు కింద నిలబడి మీ ముఖం వంక చూస్తుంది. గేటు దాకా పరుగెత్తి వచ్చేది పడుకున్న చోటనే తోక ఊపుతుంది. నడకకు తీసుకువెడితే మీకు ముందు నడిచేది వెనకపడుతుంది. ఒకే కీలును, ముఖ్యంగా ముందుకాలి మణికట్టును, పదే పదే నాకుతుంది. దొడ్డికి కూర్చోవడానికి రెండు మూడుసార్లు తిరిగి తిరిగి, సగం కూర్చుని లేచిపోతుంది. తొడల్లో కండ తగ్గి వెనుక భాగం సన్నబడుతుంది. పిల్లలు నడుము మీద చెయ్యి వేస్తే ఎన్నడూ లేనిది గుర్రుమంటుంది. దాన్ని "ముసలిదై చిరాకు పెరిగింది" అనుకుంటాము. చెయ్యి పడిన చోట నొప్పి పుట్టి ఉండవచ్చు.

కీలు లోపల ఏమవుతుందో రెండు మాటల్లో చెబుతాను. ఎముకల కొసల మీద నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. అది అరిగితే ఎముకల మధ్య మెత్త పోతుంది, కీలు సంచి వాస్తుంది, అంచుల్లో ఎముక పొక్కులు కడుతుంది. నొప్పి పుట్టడంతో కుక్క తక్కువ నడుస్తుంది. తక్కువ నడిస్తే కండ కరుగుతుంది. కండ కరిగితే బరువంతా కీలు మీదనే పడుతుంది. దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. లాబ్రడార్‌కు, జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీలు, మోచేతి కీలు చిన్నప్పటి నుంచే సరిగా అమరకపోవడం ఎక్కువ. పొమెరేనియన్‌కు మోకాలి చిప్ప పక్కకు జారడం ఎక్కువ. పెద్ద జాతులకు ఏడెనిమిదేళ్ళకే ముసలితనం మొదలవుతుంది, చిన్న జాతులకు ఇంకా ఆలస్యంగా వస్తుంది.

మన రాజపాళయం కుక్క మాట కూడా ఇక్కడ చెప్పాలి. మన అనడం ఎందుకంటే, తమిళనాట తరతరాలుగా స్థిరపడిన తెలుగు రాజుల పెంపకంతో ముడిపడిన జాతి అది. 2005లో తపాలా శాఖ వారు మన దేశపు కుక్కల మీద స్టాంపులు వేసినప్పుడు ముధోల్ కుక్కతో పాటు దీనికీ చోటు దక్కింది. సన్నని ఒళ్ళు గనుక దీనికి కొవ్వు బెడద తక్కువ. కాని మోచేతుల మీద కండ పలుచన, కటిక నేల మీద పడుకుంటే అక్కడ కాయలు కాచి పుండ్లు పడతాయి. ఈ తెల్లని కుక్కల్లో పుట్టుచెవుడు కూడా తరచు కనిపిస్తుంది. చెవుడున్న ముసలి కుక్కను వెనుక నుంచి వచ్చి ముట్టుకోకండి. ఎదుటికి వచ్చి చెయ్యి చూపించి తర్వాత ముట్టుకోండి. ఉలిక్కిపడి లేస్తే నొప్పి పెట్టే కీలు ఇంకా బెణుకుతుంది.

ఇక కుంటే ప్రతి ముసలి కుక్కదీ కీళ్ళ అరుగుదలే కాదు. ముందు గోళ్ళు చూడండి. తక్కువ తిరిగే కుక్కకు గోళ్ళు అరగవు. అవి వంపు తిరిగి పెరిగి అరికాలి మెత్తలో గుచ్చుకుంటాయి. అప్పుడు కావలసింది మాత్ర కాదు, గోరు కత్తిరించడం. తర్వాత పిడుదులు. వీటిని కొందరు గోమార్లంటారు, కన్నడంలో ఉణ్ణె, తమిళంలో ఉణ్ణి. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో కూడా కీళ్ళు వాచి నొప్పి పెడతాయి. ఈ రోజు ఒక కాలు కుంటి, రేపు ఇంకొక కాలు కుంటితే, జ్వరం ఉంటే, చిగుళ్ళు పాలిపోతే, ముక్కు నుంచి రక్తం కారితే అది పిడుదు జ్వరమేమోనని రక్తపరీక్ష చేయించాలి. దానికి డాక్సీసైక్లిన్ అనే వేరే మందు ఉంది, నొప్పి మాత్రలతో అది పోదు. పెద్ద జాతి కుక్కకు ఒకే కాలు ఒకే చోట గట్టిగా వాచి రోజురోజుకూ నొప్పి పెరుగుతుంటే ఎముకలో గడ్డ ఉందేమో ఎక్స్-రే తీయాలి. జర్మన్ షెపర్డ్ కుక్క నొప్పేమీ లేకుండానే వెనుక పాదాలు ఈడుస్తూ గోళ్ళ పైభాగం అరగదీసుకుంటుంటే అది వెన్నుపాము జబ్బు కావచ్చు. అందుకే మొదటిసారి డాక్టరు చెయ్యి పెట్టి చూడనిదే ఏ మందూ మొదలుపెట్టకూడదు. మీ ఊరి పశువుల ఆసుపత్రిలో ఎక్స్-రే లేకపోతే బెంగళూరు హెబ్బాళలో, మద్రాసు వేపేరిలో, తిరుపతిలో, భువనేశ్వర్‌లో పశువైద్య కళాశాలలున్నాయి. వాటికి అనుబంధంగా ఆసుపత్రులున్నాయి. మీకు దగ్గర ఏదైతే అక్కడికి వెళ్ళవచ్చు.

ఇప్పుడు మందుల డబ్బా దగ్గరికి వద్దాం.

మనం మోకాళ్ళ నొప్పికి వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, నాప్రోక్సెన్ - వీటిలో ఏదీ కుక్కకు వేయకూడదు. మన ఒంట్లో ఈ మందులు త్వరగా విరిగి బయటికి పోతాయి. కుక్క ఒంట్లో వీటిలో చాలావరకు ఎక్కువసేపు నిలిచిపోతాయి. కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒక్క మాత్రతో ఏమవుతుందిలే అనుకోకండి. అయిదు కిలోల పొమెరేనియన్‌కు 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ మాత్ర ఒకటి వేస్తే కిలోకు 80 మిల్లీగ్రాములు పడినట్టు. కడుపు పుండ్లు పడడానికి అది చాలు. పారాసెటమాల్ సంగతి కూడా అంతే. 500 మిల్లీగ్రాముల మాత్ర అదే కుక్కకు వేస్తే కిలోకు 100 మిల్లీగ్రాములు, కాలేయం చెడే మోతాదు. కొన్ని సందర్భాల్లో డాక్టర్లు కుక్కలకు పారాసెటమాల్ లెక్క కట్టి ఇస్తారు, అది వేరు. పిల్లికి మాత్రం ఏ లెక్కనా ఇవ్వకూడదు. ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోతుంది.

ఇంకొక చిక్కు ఉంది. అంగట్లో దొరికే నొప్పి మాత్రల్లో చాలావాటిలో రెండు మూడు మందులు కలిపి ఉంటాయి. పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. లోపలి మందు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంట్లో చదువుకునే పిల్లలచేత ఆ చిన్న అక్షరాలు చదివించండి.

కుక్క పొరపాటున మన మాత్రలు మింగిందని తెలిస్తే, లేక పట్టీ కొరికేసిందని చూస్తే, అది బాగానే తిరుగుతున్నది కదా అని సాయంత్రం దాకా ఆగకండి. మొదటి గంట, రెండు గంటల్లో డాక్టరు చేయగలిగింది తర్వాత చేయలేడు. ఆ పట్టీ వెంట తీసుకువెళ్ళండి. ఎన్ని మాత్రలు పోయాయో లెక్క చెప్పండి. కక్కించాలని ఇంట్లో ఉప్పు నీళ్ళు తాగించకండి, ఆ ఉప్పే విషమవుతుంది.

ఇక్కడ పశువులున్న ఇళ్ళ వాళ్ళకు ఒక మాట. "ఆవుకు తెచ్చిన డైక్లోఫెనాక్ సూది మందు మిగిలింది, కుక్కకు పొడవండి" అని ఒకప్పుడు అడిగేవారు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకం మన దేశంలో 2006లో నిషేధించారు. కారణం రాబందులు. ఈ మందు పడిన పశువు చచ్చిపోతే, దాని మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై అవి రాలిపోయాయి. మూడు జాతుల రాబందులు నూటికి తొంభై అయిదుకు పైగా అంతరించాయి. మనుషుల మందు పెద్ద సీసాలు పశువులకు దారి మళ్ళుతున్నాయని 2015లో వాటినీ ఆపి, 3 మిల్లీలీటర్ల ఒంటి మోతాదు బుడ్డీలు మాత్రమే ఉంచారు. 2023లో కీటోప్రోఫెన్, అసెక్లోఫెనాక్ పశువులకు నిషేధమయ్యాయి. 2024 చివర నిమెసులైడ్ కూడా ఆ పట్టీలో చేరింది. బెంగళూరుకు దగ్గర రామనగరం కొండల్లో రాబందుల కోసం అభయారణ్యం ఉన్నదని కోలారు, హోసూరు వైపు శ్రోతలకు తెలిసే ఉంటుంది. ఆ పక్షులకు హాని చేయదని తేలిన మందు మెలాక్సికామ్. కుక్కల కీళ్ళ నొప్పికి మన దగ్గర ఎక్కువగా వాడే మందు కూడా అదే.

మెలాక్సికామ్ లెక్క జాగ్రత్తగా వినండి. మొదటి రోజు కుక్క బరువులో కిలోకు 0.2 మిల్లీగ్రాములు, రెండో రోజు నుంచి కిలోకు 0.1 మిల్లీగ్రాము, రోజుకు ఒక్కసారి. అంటే పది కిలోల కుక్కకు రోజుకు ఒక మిల్లీగ్రాము. మనుషులకు అమ్మే మెలాక్సికామ్ మాత్రలో 7.5 మిల్లీగ్రాములుంటాయి, ఇంకొక దానిలో 15 ఉంటాయి. మందు పేరు ఒకటే కదా అని 7.5 మాత్ర ఒకటి తెచ్చి అయిదు కిలోల కుక్కకు వేస్తే, అర మిల్లీగ్రాము పడవలసిన చోట పదిహేను రెట్లు పడుతుంది. మాత్రను సగం చేసినా, పావు చేసినా లెక్క కుదరదు. అందుకే కుక్కల కోసం చేసిన ద్రవ మందు, దానితో వచ్చే కొలత పిచికారీ వాడాలి. నేను ఈ లెక్క చెప్పింది మీరే కట్టుకుని వేయడానికి కాదు, ఒక చుక్క తేడాకు ఎంత విలువ ఉందో తెలియడానికి. కార్‌ప్రోఫెన్ అనే మాత్రలు కూడా ఇదే పని చేస్తాయి. ఏది మీ కుక్కకు నప్పుతుందో డాక్టరు నిర్ణయిస్తాడు. అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న పిల్లలు అక్కడి నుంచి కుక్క మందులు పంపుతుంటారు. ఆ మాత్రల బలం ఇక్కడి వాటి కంటే వేరుగా ఉండవచ్చు, డాక్టరుకు డబ్బా చూపించనిదే విప్పకండి.

బరువు తెలియనిదే మోతాదు తెలియదు. చిన్న కుక్క అయితే దాన్ని ఎత్తుకుని మీరు బరువు యంత్రం మీద నిలబడండి, తర్వాత మీరొక్కరే నిలబడండి, తేడా కుక్క బరువు. పెద్ద కుక్క అయితే ధాన్యం తూచే కాటా మీద బియ్యపు సంచి పరిచి నిలబెట్టవచ్చు. పోయిన ఏడాది బరువు చెప్పవద్దు. ముసలి కుక్క ఏడాదిలో చాలా మారుతుంది.

ఈ మందు అన్నం తిన్న తర్వాతే వేయాలి. పరగడుపున వద్దు. ఒక పూట మరిచిపోతే మరునాడు రెండు పూటలదీ కలిపి వేయకూడదు. రెండు రోజులకే కుక్క చురుగ్గా తిరిగిందని మానేయకండి, రెండు రోజులకే మార్పు కనిపించలేదని మోతాదు పెంచకండి. రెండు మూడు వారాలు చూసి అప్పుడు డాక్టరుతో మాట్లాడి, నొప్పి అణగి ఉండే అతి తక్కువ మోతాదుకు రావాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి, నెల లోపల ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకొకసారి రక్తపరీక్ష అవసరం. మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయో దానిలో తెలుస్తుంది. డబ్బు ఖర్చే, కాదనను. కాని ముసలి కుక్కకు ఈ మందు ఏళ్ళ తరబడి వాడాలంటే ఈ పరీక్ష లేకుండా వాడడం చీకట్లో నడవడమే.

కుక్క వాంతి చేసుకున్నా, అన్నం ముట్టకపోయినా, దొడ్డి తారులా నల్లగా జిగటగా వచ్చినా, ఎన్నడూ లేనంత నీళ్ళు తాగుతున్నా, కళ్ళు పచ్చబడినా ఆ రోజు మందు ఆపి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆ నల్లని రంగు కడుపులో కారి జీర్ణమైన రక్తానిది. ఎండాకాలంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. బళ్ళారి, రాయచూరు ఎండల్లో కుక్క నీళ్ళు తాగక ఒళ్ళు ఎండిపోయి ఉంటే, విరేచనాలవుతుంటే, ఈ మందు మూత్రపిండాల మీద దెబ్బ కొడుతుంది. నీళ్ళ తొట్టి ఎప్పుడూ నీడలో, కుక్క లేచి వెళ్ళనక్కర లేనంత దగ్గరలో ఉంచండి.

మరీ మరీ చెప్పవలసింది ఇంకొకటి. నొప్పి తగ్గించే ఇటువంటి మందులు రెండు ఒకేసారి వాడకూడదు. వీటితో పాటు ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు అసలే కూడదు. ఊళ్ళో ఒకరు వచ్చి డెక్సామెథసోన్ సూది వేస్తారు, కుక్క సాయంత్రానికి లేచి తిరుగుతుంది, అందరూ సంతోషిస్తారు. మరునాడు ఇంకొకరి దగ్గర మెలాక్సికామ్ తెస్తారు. కడుపులో పుండు పడి చిల్లు పడేది ఇలాంటప్పుడే. ఒకటి ఆపి ఇంకొకటి మొదలుపెట్టడానికి మధ్య కొన్ని రోజుల విరామం ఉండాలి. ఎన్ని రోజులన్నది డాక్టరు చెబుతాడు. అందుకే ఇంతకు ముందు ఎవరు ఏ సూది వేశారో సిగ్గుపడకుండా, భయపడకుండా చెప్పాలి. గుండె జబ్బుకు ఎనలాప్రిల్, ఫ్రూసెమైడ్ వాడుతున్న కుక్క అయితే ఆ మాట మొట్టమొదట చెప్పాలి. ఆ రెండింటితో ఈ నొప్పి మందు కలిస్తే మూత్రపిండాలు తట్టుకోలేవు.

మూత్రపిండాలు బాగాలేని కుక్కలకు, ఒక్క మందుతో నొప్పి అణగని కుక్కలకు డాక్టర్లు గాబాపెంటిన్ ఇస్తారు. దీనితో మొదట్లో కాస్త మగతగా ఉంటుంది, తూలుతుంది. ఉన్నట్టుండి ఆపకూడదు, తగ్గించుకుంటూ రావాలి. మనుషుల కోసం చేసిన తియ్యని ద్రవ మందుల్లో కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు. అది మనకు హాని చేయదు గాని కుక్కకు విషం, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి సీసా మందు కొనే ముందు అడగండి.

బలం మందుల సంగతి చాలామంది అడుగుతారు. చేప నూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వుల వల్ల కొంత మేలు ఉందని పరీక్షల్లో కనిపించింది. అయితే నెల రెండు నెలలు ఓపిక పట్టాలి. గ్లూకోసమైన్ మాత్రల మేలుకు బలమైన రుజువు లేదు. హాని లేదు గనుక వేస్తే వేయవచ్చు. కాని ఉన్న డబ్బు పరిమితమైనప్పుడు దాన్ని ముందు రక్తపరీక్షకు పెట్టమంటాను. ముసలి కుక్కకు కాల్షియం మాత్రలతో కీళ్ళు బాగుపడవు. మనం రాసుకునే నొప్పి బామ్‌లు, తైలాలు రాయకండి, అది నాకేస్తుంది, దానిలోని మందు కడుపులోకి పోతుంది. ఇక కొన్ని పల్లెల్లో ఇప్పటికీ కాల్చిన ఇనుముతో కీలు మీద వాతలు పెట్టేవాళ్ళున్నారు. నొప్పి ఉన్నచోట కాలిన పుండు చేయడం తప్ప దానివల్ల జరిగేదేమీ లేదు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పెట్టే ఉప్పు కాపడం మాత్రం మంచిదే. గళ్ళుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి, ముందు మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకుని, చలికాలం పొద్దున పది నిమిషాలు తుంటి మీద, మోకాలి మీద పెట్టండి. కీలు వేడిగా ఎర్రగా వాచి ఉంటే మాత్రం వద్దు.

మందుకు తోడు కావలసినది, చాలాసార్లు మందు కంటే ఎక్కువ పని చేసేది, బరువు తగ్గించడం. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా తీసుకుని, జంటలో ఒకదానికి రెండోదాని కంటే పావు వంతు తక్కువ తిండి పెడుతూ జీవితాంతం చూశారు. ఆ ఫలితాలు 2002లో ప్రకటించారు. ఎక్కువ తిన్న గుంపులో సగం కుక్కలకు 10.3 ఏళ్ళకే కీళ్ళ మందులు అవసరమయ్యాయి, తక్కువ తిన్న గుంపులో 13.3 ఏళ్ళకు గాని అవసరం రాలేదు. ఆయుర్దాయం కూడా 11.2 ఏళ్ళకు బదులు 13 ఏళ్ళయింది. ఏ మాత్రా మూడేళ్ళ నొప్పిని ఇలా వెనక్కి నెట్టలేదు. పక్కటెముకల మీద చెయ్యి ఆడించండి. నొక్కకుండానే ఎముకలు చేతికి తగలాలి. నొక్కి వెతకవలసి వస్తే బరువు ఎక్కువైనట్టే. పెరుగన్నం పెట్టే ఇళ్ళల్లో ముందు అన్నం తగ్గించి ఉడికించిన గుడ్డు గాని, ఎముకలు లేని మాంసం గాని కాస్త పెంచాలి. టీ వేళ తలా ఒక బిస్కెట్టు వేసే అలవాటు, పండగ నాడు ఓళిగలు పెట్టే అలవాటు మానాలి. ఇంట్లో అయిదుగురుంటే కుక్కకు రోజుకు అయిదు బిస్కెట్లు, ఎవరి లెక్కలో వారిది ఒకటే. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు ఏ వయసు కుక్కకూ పనికిరావు, వాటివల్ల రక్తం క్షీణిస్తుంది.

ఇల్లు కూడా చూడండి. ఇప్పుడు అందరి ఇళ్ళల్లో గ్రానైట్, టైల్స్. మనకు అందం, ముసలి కుక్కకు మంచు మీద నడక. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా జారి ఒకసారి పడితే ఆ తర్వాత లేవడానికే భయపడుతుంది. పడుకునే చోటి నుంచి నీళ్ళ దగ్గరికి, వాకిటికి దారి పొడుగునా పాత గోనె సంచులు, కొబ్బరి పీచు పట్టాలు పరవండి. సంచి జారకుండా అంచులు బరువు కింద పెట్టండి. పొమెరేనియన్ కాలివేళ్ళ మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి, అవి కూడా జారడానికి కారణమే. పడక మందంగా, పొడిగా, గాలి కొట్టని మూల ఉండాలి. మెట్ల దగ్గర పలక వాలుగా వేసి దాని మీద గోనె దిగ్గొట్టండి. లేవలేని రోజున పొట్ట కింద నుంచి తుండుగుడ్డ వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే వెనుక భాగం బరువు మీరు మోస్తారు, అది నడుస్తుంది. నడిపించడం మానవద్దు. ఆదివారం నాడు అరగంట పరుగెత్తించి వారమంతా కట్టేయడం కంటే రోజూ పది నిమిషాల చొప్పున మూడుసార్లు మెల్లగా నడపడం మేలు. ఎండాకాలంలో పొద్దెక్కక ముందే నడిపించండి.

సరిహద్దు ఊళ్ళల్లో మనకు డాక్టరు భాష ఒకటి, మన భాష ఒకటి కావచ్చు. కీళ్ళ నొప్పిని కన్నడంలో కీలు నోవు అంటారు, తమిళంలో మూట్టు వలి. ఆ మాట రాకపోయినా ఫరవాలేదు. ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకుని వెళ్ళండి. కుక్క ఈనాటి బరువు. ఏ కాలు, ఎన్నాళ్ళ నుంచి, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా. ఇప్పటివరకు వేసిన మందుల పట్టీలు, మన మాత్రలతో సహా. వాంతి, దొడ్డి, నీళ్ళు తాగడం ఎలా ఉన్నాయన్నది. డాక్టరు రాసిన మందు రోజుకు ఎన్నిసార్లు, అన్నానికి ముందా తర్వాతా అన్నది అక్కడే మళ్ళీ అడిగి తెలుగులో రాసుకోండి. మాంసం రుచి కలిపిన మాత్రలైతే కుక్కకు అందని ఎత్తులో పెట్టండి, రుచిగా ఉంటే పట్టీ మొత్తం తినేస్తుంది.

ఇవన్నీ చేసినా ఒక రోజు వస్తుంది. పడుకున్న చోటనే మలమూత్రాలు, మందు వేసినా మూలుగు, అన్నం మీద మనసు లేకపోవడం. అప్పుడు క్యాలెండరులో మంచి రోజుకు ఒక గుర్తు, చెడ్డ రోజుకు ఒక గుర్తు పెట్టుకుంటూ రండి. చెడ్డ రోజులు ఎక్కువైతే నొప్పి లేకుండా సూది ఇచ్చి పంపించడం గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. మొదట మత్తు ఇస్తారు, తర్వాత ఇచ్చే మందుతో గుండె ఆగుతుంది. పాపమని కొందరు ఒప్పుకోరు, అది వారి మనసుకు సంబంధించినది, నేను వాదించను. అలాంటివారు కూడా చివరి రోజుల్లో నొప్పి మందు ఆపకుండా డాక్టరును అడిగి వేస్తూ ఉండాలి. సూది వేయించాలని నిర్ణయించుకుంటే మాత్రం కుక్కను పనివాడి చేతికిచ్చి ఆటోలో పంపవద్దు. దాని పాత దుప్పటి తీసుకుని మీరే వెళ్ళండి. తల దగ్గర కూర్చుని, రోజూ పిలిచే పేరుతోనే పిలవండి.